వరుస తప్పని సెన్సర్లు

మా గుమ్మళ్లపాడు పురపాలక సంఘం నిశ్శబ్ద పట్టణం పోటీకి దరఖాస్తు పెట్టుకున్న నాటి నుంచి ఊళ్లో ఎవరూ గట్టిగా తుమ్మలేదు. తుమ్ము ఆపుకోలేనివాళ్లు కాలవ దాటి, పక్క పంచాయతీ పరిధిలోకి వెళ్లి తుమ్మి వచ్చేవారు. ఇది నా కల్పన అనుకునేవాళ్లు ఆ పంచాయతీవారు మా మీద పెట్టిన ఫిర్యాదు చూడవచ్చు. దాన్ని ఫైల్లో పెట్టింది నేనే.

నేను పురపాలక సంఘంలో అనువాద సహాయకుణ్ణి. తెలుగులో లేని ఏ కాగితమూ మా ఆఫీసులో చెల్లదని కౌన్సిలు తీర్మానం చేసింది కాబట్టి, ఇంగ్లీషులో వచ్చిన ప్రతి ముక్కా నా బల్ల మీదికి వచ్చి, తెలుగై బయటికి పోవాలి. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరశివుడు. ఆఫీసులో అందరూ అనువాదంగారూ అనే పిలుస్తారు.

పోటీ మీద మా కమిషనర్ త్రివిక్రమరావుగారికి పట్టుదల జాస్తి. బడిగంట తీయించేసి, ప్యూను వరండాలో నిలబడి పచ్చజెండా ఊపే ఏర్పాటు చేశారు. కూరగాయలవాళ్లు కేకలు వేయకుండా వంకాయ, బెండకాయ అని అట్టముక్కల మీద రాసి మెడలో వేసుకుని తిరిగారు. కోడిపుంజుల యజమానులకు నోటీసులు వెళ్లాయి. ఆ నెలలో జరిగిన ఒక పెళ్లికి నేనూ వెళ్లాను. సన్నాయివాళ్లు ఊదకుండా వేళ్లు మాత్రం ఆడించారు, డోలాయన చేతులు గాల్లో ఆడించాడు, గట్టిమేళం దగ్గరికి వచ్చేసరికి పురోహితుడు చెయ్యెత్తి అందరినీ దీనంగా చూశాడు. మొత్తానికి పెళ్లయింది.

ఇన్ని చేసినా ఒక్క శబ్దం మాత్రం మిగిలిపోయింది. అది కీక్ అంటుంది. ప్రతి నలభై సెకన్లకు ఒకసారి, ఆఫీసు ముందున్న పెద్దరోడ్డు మీద, పగలూ రాత్రీ తేడా లేకుండా కీక్ అంటుంది. ఊరంతా గోల ఉన్న రోజుల్లో అది ఎవరి చెవినీ పడలేదు. ఊరు నోరు మూసుకున్నాక అదొక్కటే వినిపించడం మొదలుపెట్టింది. పోటీ పరిశీలకులు రావడానికి నెల రోజులు కూడా లేదు.

కమిషనర్‌గారు అత్యవసర సమావేశం పెట్టి, ధ్వని మూలమును శాస్త్రీయముగా నిర్ధారించి, నిర్మూలించవలెనని ఆదేశించారు. చెవితో వింటూ వెతికితే పోలేదా అని ఒక కౌన్సిలరు అడిగాడు. చెవి ధ్రువీకరించబడిన పరికరం కాదని కమిషనర్‌గారు సెలవిచ్చారు. వారం తిరిగేసరికి మూడు సెన్సర్లు దిగాయి. ఒక్కొక్కటి కొబ్బరికాయంత ఉంది, కింద ఇనప కాడ ఉంది. వాటితోపాటు ఒక కంప్యూటరు తెర, ఇంగ్లీషులో ఒక మాన్యువల్ వచ్చాయి. మాన్యువల్ సహజంగానే నా బల్ల మీదికి వచ్చింది.

మూడో పేజీలో సెన్సర్లను ఎలా పాతాలో చెప్పేచోట 'అరే' అన్న ఇంగ్లీషు మాట తగిలింది. సెన్సర్లను ఒక అరేగా అమర్చాలి అని ఉంది. ముక్కూ మొహం తెలియని కంపెనీవాడు నన్ను అరే అనడమేమిటని మొదట కోపం వచ్చింది. నిఘంటువు తీశాను. వ్యూహము, శ్రేణి, వరుస, అలంకారము అని నాలుగు అర్థాలున్నాయి. ఆ రోజు శనివారం. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇంటికి వెళ్లాలి. నాలుగింటిలోకీ పొట్టిది వరుస. 'సెన్సర్లను వరుసగా అమర్చవలెను' అని రాసి, సంతకం పెట్టి వెళ్లిపోయాను.

అమర్చే పని ఏఈ భానోజీరావుగారిది. ఆయన చాలా నిఖార్సైన మనిషి. వరుస అని కాగితంలో ఉంది కాబట్టి తాపీమేస్త్రీల తాడు తెప్పించి, రోడ్డు మధ్య డివైడరు పొడవునా లాగించి, సున్నంతో గీత గీయించి, ఆ గీత మీద మూడు సెన్సర్లనూ పాతించారు. డివైడరు ఒకచోట జానెడు వంకర ఉందని తేలితే, దాన్ని పగలగొట్టించి తిన్నగా కట్టించాకే సెన్సరు పాతారు. ఒక కన్ను మూసుకుని ఈ చివర నుంచి ఆ చివరికి చూసి, వెంట్రుకవాసి తేడా లేదండీ అని కమిషనర్‌గారితో చెప్పారు. కమిషనర్‌గారు కూడా ఒక కన్ను మూసుకుని చూసి సంతృప్తి వ్యక్తపరిచారు.

తెర వెలిగించారు. కీక్ అంది. తెర మీద ఎర్రచుక్క పడింది. ఒకటి కాదు, రెండు పడ్డాయి. రోడ్డుకు ఎడమపక్కన ఒకటి, కుడిపక్కన సరిగ్గా అంతే దూరంలో ఇంకొకటి.

ఎడమపక్క చుక్క మా ఆఫీసు స్టోరు గది మీద పడింది. కుడిపక్క చుక్క వీరవేణి ఇస్త్రీ బండి మీద పడింది.

స్టోరు గది సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందట స్టోర్‌కీపరు బదిలీ మీద వెళ్తూ ఛార్జి అప్పగించకుండా తాళంచెవి జేబులో వేసుకుని పోయాడు. అందువల్ల ఆ గది తెరవడానికి వీల్లేదు. అయితే అందులో ఉన్న సమస్త వస్తువులూ నిరుపయోగములని రిజిస్టరులో రాసి ఉంది. నిరుపయోగమైన వస్తువు కీక్ అనడానికి వీల్లేదని కమిషనర్‌గారు వాదించారు. కీక్ అన్నదంటే అది పనిచేస్తున్నట్టు, పనిచేస్తున్నదంటే రిజిస్టరు తప్పు, రిజిస్టరు మీద ఉన్నది తన సంతకం. కనుక స్టోరు గదిలో శబ్దం లేదు.

మిగిలింది వీరవేణి. ఆవిడ ఇరవై రెండేళ్లుగా ఆ రేకు నీడలో బొగ్గుల ఇస్త్రీపెట్టెతో బట్టలు రుద్దుతోంది. మా ఆఫీసులో చొక్కా నలగకుండా తిరిగే ప్రతివాడూ ఆవిడ చలవ వల్లే అలా తిరుగుతున్నాడు. ఊళ్లో అందరికంటే తక్కువ చప్పుడు చేసే పని ఏదని నన్నడిగితే నేను ఆవిడ పనినే చూపించేవాణ్ణి. కానీ నన్నెవరూ అడగలేదు.

రెండు చుక్కలు పడడం సెన్సర్లు చాలకపోవడం వల్ల అని భానోజీరావుగారు తేల్చారు. ఇంకో నాలుగు తెప్పించి అదే వరుసలో పాతారు. రెండు చుక్కలే పడ్డాయి. ఇరవై ఒకటి చేశారు. చుక్కలు ఇంకా ఎర్రగా, స్పష్టంగా పడ్డాయి. డెబ్భై దాటాక డివైడరు అయిపోయింది. అక్కడ రోడ్డు మలుపు తిరుగుతుంది. రోడ్డు తిరిగింది గాని వరుస తిరగలేదు. తాడు ఎటు వెళితే సెన్సర్లు అటే వెళ్లాయి. ఒకటి మంగలిషాపు అద్దాన్ని చీల్చుకుని లోపల నిలబడింది. ఒకటి పళ్ల డాక్టరుగారికీ రోగికీ మధ్య పాతుకుంది, ఆయన ఎడమచేత్తో పళ్లు పీకడం నేర్చుకున్నాడు. ఒకటి కల్యాణమండపం వంటశాలలోకి వచ్చింది, వంటవాళ్లు దానికి గరిటెలు తగిలించుకున్నారు. నూట పదిహేను దగ్గర ఊరు అయిపోయింది. అంకె బాగాలేదు, ఇంకొకటి కలిపి నూట పదహారు చేయమని కమిషనర్‌గారు ఆదేశించారు. నూట పదహారో సెన్సరును కాలవలో పాతారు.

ఆ సాయంత్రం తెర మీద పడిన రెండు చుక్కలంత చక్కటి చుక్కలు నేనెప్పుడూ చూడలేదు.

వీరవేణికి నోటీసు వెళ్లింది. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మీరు ధ్వని మూలముగా నిర్ధారింపబడినందున, రాబోవు గురువారం సాయంత్రం అయిదు గంటలలోగా సదరు స్థలమును ఖాళీ చేయవలెను, లేనిచో బండి స్వాధీనపరచుకొనబడును.' ఆవిడ దాన్ని తెచ్చి నా చేత చదివించుకుంది. రెండుసార్లు చదివాను.

"ఏంటండి బాబుగారూ, నా పెట్టి కూత్తాదా? బొగ్గులు కూత్తాయా? బట్టలేవన్నా కూత్తాయా?" అంది.

నోటీసులో ఆ వివరం లేదన్నాను. బండి ఇంకోచోట పెట్టుకోవచ్చు కదా అని కూడా అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. అప్పుడావిడ చెప్పింది. ఇస్త్రీ పనివాళ్లలో వీధులు పంచుకుని ఉంటాయట. ఒకరి వీధిలోకి ఇంకొకరు బండి తోసుకు వెళ్లరట. వెళితే తిట్టేవాళ్లెవరూ ఉండరు గాని, ఎవరూ వెళ్లరంతే. ఇక్కడి నుంచి లేపితే ఆవిడకు ఊళ్లో ఇంకో వీధి లేదు. ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు పెంచలేదు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఆవిడ ఊరికే కూర్చోలేదు. ఒకరోజు బండి తోసుకుని ఇంటికి తీసుకుపోయింది. బండి లేని చోట చుక్క పడుతుందేమో చూడండని చెప్పి మరీ వెళ్లింది. చుక్క పడింది. ఖాళీ నేల మీద, రేకు నీడలో, ఎర్రగా పడింది. ఇక గొడవ తీరిందనుకున్నాను. కమిషనర్‌గారు తెర వైపు చాలాసేపు చూసి, ఆమె తన శబ్దమును ఇక్కడే విడిచి వెళ్లినది అన్నారు. ఇంకో నోటీసు వెళ్లింది. మొదటి నేరం శబ్దం చేయడం, రెండోది శబ్దాన్ని బహిరంగ స్థలంలో వదిలిపెట్టడం.

ఆ సోమవారం కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నూట పదహారు సెన్సర్లు ఎందుకు కొన్నారో అర్థం కాక, వాళ్లే మా తెర తాలూకు లెక్కలు చూసుకుని రాశారు. ఉత్తరంలో రెండే వాక్యాలు. నిఘంటువు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. మొదటి వాక్యం అర్థం కావడానికి తెల్లకాగితం మీద మూడు చుక్కలు ఒకే గీతలో పెట్టి చూడవలసి వచ్చింది.

అప్పుడు తెలిసింది. ఒక్కో సెన్సరుకు శబ్దం ఎంత దూరం నుంచి వచ్చిందో తెలుస్తుంది, ఏ పక్క నుంచి వచ్చిందో తెలియదు. పంక్తిలో కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్లకు వడ్డించేవాడు ఏ విస్తరి దగ్గర ఉన్నాడో తెలిసినా, ముందున్నాడో వెనకున్నాడో తెలియనట్టే. పంక్తి ఎంత పొడుగు చేసినా అంతే. ఒక్కడు లేచి పక్కకు వెళ్లి వింటే చాలు. సెన్సర్లను తలో పక్కా చెదరగొట్టి పాతమని మాన్యువల్ మొదటి నుంచీ మొత్తుకుంటోంది. నేను వరుస అని రాశాను.

ఉగాదికి జిల్లా వారి అనువాద పురస్కారానికి నా పేరు పంపించి ఉన్నారు. పిరికితనం అని ఒప్పుకోవడానికి నాకిప్పుడు మొహమాటం లేదు. ఉత్తరాన్ని దాచలేదు గాని, ఎవరికీ అందనంత ఎత్తున తెలుగు చేశాను. 'మీ సెన్సర్లన్నియు ఏకరేఖీయములై యున్నవి. కనీసము ఒకదానిని వరుస తప్పించిన యెడల ధ్వని మూలము నిశ్చయముగా తెలియగలదు.'

మొదటి వాక్యం చదివి కమిషనర్‌గారు పొంగిపోయారు. ఏకరేఖీయములు అంటే గొప్ప ప్రశంస అనుకున్నారు. భానోజీరావుగారిని పిలిచి చెయ్యి కలిపి, ఆ వాక్యం వరకు కత్తిరించి పటం కట్టించి గోడకు పెట్టించారు. రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం ముడుచుకుపోయింది. పక్కనున్న మహిళా కౌన్సిలరు వినకూడనట్టు గొంతు తగ్గించి, వరుస తప్పించమంటారేమిటండీ అన్నారు. భానోజీరావుగారైతే తన సెన్సర్లను ఎవరో అనరాని మాట అన్నట్టు గిలగిల్లాడిపోయారు. కంపెనీకి జవాబు పోయింది. 'మా పట్టణము మర్యాదకు పేరెన్నిక గన్నది. వరుస తప్పుట మా సెన్సర్ల స్వభావము కాదు. ఇట్టి సూచనలు ఇకపై చేయరాదు.' దాన్ని ఇంగ్లీషు చేసింది నేనే. ఆ మర్యాద ఇంగ్లీషులోకి సగమే వెళ్లింది.

బుధవారం పొద్దున్న బట్టలు తీసుకోవడానికి వెళ్లాను. వీరవేణి మడతలు పెడుతోంది, మామూలు కంటే శ్రద్ధగా పెడుతోంది. రేపటికి అందరి బట్టలూ ఇచ్చేయాలంది. నాకు మనసు ఆగలేదు. తప్పు నాదేనని, మాట నేనే తప్పు రాశానని, ఒక్క సెన్సరు పక్కకు జరిపితే నిజం తేలిపోతుందని మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ పెట్టె పక్కన పెట్టింది.

"ఆ ముక్క నాకు సెప్తే ఏం లాబవండి? నాకు ముందే తెలుసు కదండి కూసేది నేను కాదని. అక్కడ సెప్పండి," అంది.

గురువారం మూడింటికి విచారణ పెట్టారు. వీరవేణిని తెర పక్కన నిలబెట్టి, ధ్వని మూలముగా నీవు చెప్పుకోవలసినది ఏమైనా ఉన్నదా అని అడిగారు. సరిగ్గా అప్పుడే కీక్ అంది. నేను నోరిప్పకుండానే కూసింది సూడండి, అటుపక్కనించి వచ్చింది కదండి అని ఆవిడ స్టోరు గది వైపు చెయ్యి చూపించింది. అక్కడున్న తొమ్మిదిమందీ ఆ వైపే తల తిప్పారు. తల తిప్పినట్టు నమోదు చేయవద్దని కమిషనర్‌గారు గుమాస్తాకు చెప్పారు.

నేను లేచి నిలబడ్డాను. వరుస అన్నది నా తప్పుడు అనువాదమని, ఆ మాట ఉండవలసింది కాదని, ఆవిడ బండికి ఏ పాపమూ తెలియదని చెప్పాను. గదిలో నిశ్శబ్దం. బహుమతి వచ్చేంత నిశ్శబ్దం.

కమిషనర్‌గారు నన్ను కోప్పడలేదు. అనువాదంలో దోషమున్నచో తప్పొప్పుల పట్టిక సమర్పించవలెను, దానిని కౌన్సిలు ఆమోదించవలెను, అందుకు మూడు మాసములు పట్టును, అంతవరకు తప్పే ఒప్పుగా పరిగణింపబడును అన్నారు. గడియారం చూసి, అయిదు కావస్తున్నది, బండిని స్వాధీనపరచుకొనుడు అన్నారు.

పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో నేను కాగితం కాక ఇంకేదీ ఎత్తలేదు. ఆ రోజు బయటికి నడిచి, డివైడరు ఎక్కి, అరవై రెండో నంబరు సెన్సరును రెండు చేతులా పట్టుకుని ఊడబెరికాను. వైరు పొడుగ్గానే ఉంది. దాన్ని చంకనేసుకుని రోడ్డు దాటి ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డాను. వెనక నుంచి భానోజీరావుగారు, వద్దు బాబోయ్, వరుస తప్పిపోతోంది అంటూ ఉన్నారు. సెన్సరు బరువుకు చేతులు పడిపోతుంటే వీరవేణి పరుగున వచ్చి, బండి మీద మడత పెట్టిన బట్టల దొంతర జరిపి, దాని మీద పెట్టమంది. అవి కమిషనర్‌గారి చొక్కాలు.

కీక్ అంది.

కాసేపటికి గుమాస్తా గుమ్మంలోకి వచ్చి ఒక్క వేలు చూపించాడు. తెర మీద ఒక్కటే చుక్క పడింది. స్టోరు గది మీద పడింది. కంప్యూటరు ఆపి మళ్లీ వేశారు, ఒక్కటే పడింది. తెరను తుడిచారు, ఒక్కటే పడింది.

శాస్త్రీయంగా తేలిన దాన్ని కాదనడానికి దారిలేక తాళం పగలగొట్టించారు. లోపల, దుమ్ము కింద, విప్పని అట్టపెట్టె ఒకటి కనిపించింది. రెండేళ్ల కిందట కొన్న యంత్రం. దానికి బ్యాటరీ అయిపోవస్తోందని, మార్చమని, ప్రతి నలభై సెకన్లకూ ఒకసారి వేడుకుంటోంది. పెట్టె మీద పేరు ఇంగ్లీషులో ఉంటే నన్ను పిలిచి చదివించారు. శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టే యంత్రం అని చదివాను.

బ్యాటరీ తీసేశారు. మర్నాడు వీరవేణికి మూడో నోటీసు వచ్చింది. మీ బండి చేయని శబ్దమును ఈ పర్యాయమునకు క్షమించడమైనది, స్థలమందు యథాప్రకారము కొనసాగవచ్చును అని అందులో ఉంది. అది చదివించుకుని ఆవిడ బొగ్గులు రాజేసుకుంది.

బహుమతి మాకు రాలేదు. పరిశీలకులు వచ్చిన రోజున కమిషనర్‌గారు స్వాగతోపన్యాసం మొదలుపెట్టగానే నూట పదహారు సెన్సర్లూ ఆయన మీద చుక్క పెట్టాయి. అరవై రెండోది ఇంకా ఇస్త్రీ బండి దగ్గరే ఉండడం వల్ల ఒక్క చుక్కే పడింది, ఎవరి మీదో అనుమానానికి తావు లేకపోయింది.

ఆ తర్వాతి వారం నా సస్పెన్షన్ ఉత్తర్వు జిల్లా నుంచి ఇంగ్లీషులో వచ్చింది. తెలుగు కానిదే చెల్లదు కాబట్టి నా బల్ల మీదికే వచ్చింది. దాన్ని పదోన్నతిగా తెలుగు చేసినా అడిగేవాడు లేడు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. కానీ ఒక్క మాట వల్ల ఒక మనిషి ఎక్కడికీ పోలేని స్థితి దాకా వెళ్లడం కళ్లారా చూసినవాణ్ణి. కూర్చుని రాశాను. 'మీరు ఒక మాట తప్పు రాశారు. దాని వల్ల ఏ తప్పూ చేయని మనిషి బతుకు వీధిన పడబోయింది. తర్వాత మీరు అనుమతి లేకుండా సెన్సరు పీకారు. అందుకని కొన్నాళ్లు ఉద్యోగానికి రావద్దు.'

కమిషనర్‌గారు దాన్ని తిప్పి పంపారు. మరీ అర్థమవుతోంది, ఆఫీసు కాగితంలా లేదు, సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు, సరిగ్గా అనువదించి తీసుకురండి అని మార్జిన్లో రాశారు. నేను మళ్లీ అర్థమయ్యేలాగే రాశాను. ఇప్పటికి నాలుగుసార్లయింది. సంతకం లేనిదే ఉత్తర్వు లేదు కాబట్టి రోజూ ఆఫీసుకు వెళ్తూనే ఉన్నాను.

నిన్న చొక్కా జేబులో ఆ కాగితం ఉండిపోయి ఇస్త్రీకి వెళ్లింది. సాయంత్రం వెళ్లేసరికి వీరవేణి దాన్ని చేత్తో పట్టుకుని, ఏదన్నా పనికొచ్చేదేమో, సదవండి అంది. మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆవిడ మధ్యలో ఒక్క మాటకు కూడా అర్థం అడగలేదు.

"ఆఫీసు కాయితం నాకు తెలిసేలా ఉండటం ఇదే మొదలండి. బాగా రాశారు," అంది.

పద్దెనిమిదేళ్లలో నా అనువాదాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడ. ఆవిడ ఆ కాగితాన్ని బండి మీద పరిచి, ముడతలు పోయేలా ఒకసారి పెట్టె తిప్పి, నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చింది.